ఏడేళ్ళు కదలని మారుతి 800: బ్రేకుల మరమ్మతు డైరీ

బండి: 1997 నాటి కార్బ్యురేటర్ మారుతి 800. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు. మచిలీపట్నంలో, సముద్రపు గాలి నేరుగా తగిలే రేకుల షెడ్డులో ఏడేళ్ళు నిలిచిపోయింది. ఆపిన రోజున హ్యాండ్ బ్రేక్ వేసే ఆపారు. ఈ పని ఇంతగా పెరగడానికి సగం కారణం అదే.

ఇంజిన్ సంగతి ఈ డైరీలో లేదు. ఆగాల్సిన బండి ఆగుతుందో లేదో తేలకుండా ఇంజిన్ స్టార్ట్ చేయడంలో అర్థం లేదు కాబట్టి ముందు బ్రేకులు పట్టుకున్నాం.

దశ 1: విప్పక ముందు చూసినవి, చేసిన మొదటి తప్పు

రిజర్వాయర్‌లో ఆయిల్ కనీస గీత కంటే ఒక వేలెడు కింద ఉంది. రంగు చిక్కటి కాఫీ డికాషన్. అడుగున మడ్డి. మన దగ్గర అందరం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలు. కోస్తాలో ఏడేళ్ళున్న ఆయిల్‌లో మరుగుడు కంటే పెద్ద బెడద ఆ నీరే. అది సిలిండర్ల లోపలి గోడను తినేస్తుంది.

ఇక తప్పు. "పెడల్ ఎలా ఉందో చూద్దాం" అని ఐదారుసార్లు నేలకు తగిలేదాకా తొక్కాం. మామూలుగా నడిచే బండిలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది) పిస్టన్ మొదటి సగం దూరంలోనే తిరుగుతుంది. ఆ తర్వాతి భాగంలో రబ్బరు ఎప్పుడూ రుద్దుకోదు, తుప్పూ మడ్డీ పేరుకునేది అక్కడే. నేలదాకా తొక్కితే రబ్బరు పెదవి ఆ గరుకు మీద గీసుకుపోతుంది. మొదటి తొక్కుడుకు గట్టిగా ఉన్న పెడల్ ఆరోదానికి మెల్లగా కిందికి జారింది. ఆగి ఉన్న బండి పెడల్ తొక్కకండి. తొక్కక తప్పదనుకుంటే పెడల్ కింద చెక్క దిమ్మ పెట్టి, సగం దాటనివ్వకండి.

బండిని ఎత్తే తీరు:

1. చక్రాల నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి.
2. ఎత్తని చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు. గేర్ వేసి ఉంచినా, హ్యాండ్ బ్రేక్ మీద ఆశ పెట్టుకోకూడదు.
3. జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద దించాలి. సిమెంటు ఇటుకలు, హాలో బ్లాకులు వద్దు. అవి ముందస్తు సూచన లేకుండా ఒక్కసారిగా పగులుతాయి.
4. చక్రం తీసి బండి కిందకు దొర్లించి ఉంచాలి. స్టాండ్ జారితే బండి దాని మీద ఆగుతుంది.

తుప్పు వదిలించే స్ప్రే, స్పిరిట్: రూ. 400. ఇప్పటిదాకా: రూ. 400, 2.5 గంటలు.

దశ 2: వెనక డ్రమ్ములు

ఈ బండిలో వెనక డ్రమ్ములోనే బేరింగులు ఉంటాయి. డస్ట్ క్యాప్ తీసి, లాక్ విప్పి, యాక్సిల్ నట్టు తీస్తేనే డ్రమ్ము వస్తుంది. రెండూ మొరాయించాయి. హ్యాండ్ బ్రేక్ లివర్ కిందికి దించినా షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు) డ్రమ్మును పట్టుకునే ఉన్నాయి. కేబుల్ తొడుగులోనే పట్టేసింది.

ఎడమది వచ్చిన తీరు: కేబుల్‌ను లివర్ దగ్గరి సర్దుబాటు నట్టు వదిలి పూర్తిగా సడలించాం. డ్రమ్ము అంచు చుట్టూ, చక్రం బోల్టుల మధ్య ఖాళీల్లో, రబ్బరు సుత్తితో చుట్టూ తిరుగుతూ పావుగంట కొట్టాం. ఒకేచోట గట్టిగా కొట్టడం కాదు, చుట్టూ మెల్లగా కొట్టడమే ముఖ్యం. తుప్పు పట్టు విడిన చప్పుడు వేరుగా వినిపిస్తుంది.

కుడివైపు ఆ ఓపిక లేకపోయింది. పుల్లర్ వేసి లాగాం. డ్రమ్ము వచ్చింది కానీ లైనింగ్ (షూ మీది రాపిడి పొర) షూ నుంచి ఊడి డ్రమ్ములోనే అతుక్కుపోయింది. షూలు ఎలాగూ మార్చాల్సినవే అయినా, డ్రమ్ము లోపల ఉలితో చెక్కాల్సి రావడం అనవసరపు పని.

దుమ్ము గురించి: గాలి పైపుతో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. స్పిరిట్ చల్లి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. మాస్క్ తప్పనిసరి.

కొలతలు: ఎడమ డ్రమ్ము లోపలి వ్యాసం అడ్డంగా 180.3, నిలువుగా 180.5 మి.మీ. కుడిది 180.4, 180.7. ఇంత గుండ్రం తప్పితే పెడల్ కింద అల తగిలినట్లు ఉంటుంది. లేతు పట్టించాక ఎడమది 180.7, కుడిది 180.9. గరిష్ఠ కొలత డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. లేతు దగ్గరకు వెళ్ళే ముందు తుప్పు గీకి ఆ అంకె చదివి రాసుకోండి. లేతు పనివాడు అడగడు, ఎంత తీస్తే నున్నగా అవుతుందో అంతా తీసేస్తాడు.

షూలను బయటికి నెట్టే వీల్ సిలిండర్ల రబ్బరు బూటు అంచును స్క్రూడ్రైవర్‌తో కాస్త పక్కకు జరిపితే కుడిదాని వెనక తడి కనిపించింది. బయటికి కారకపోయినా బూటు వెనక తడి ఉంటే ఆయిల్‌ను ఆపే లోపలి రబ్బరు కప్పు పోయినట్లే. విప్పి చూస్తే రెండింట్లోనూ అడుగు భాగంలో గుంతలు. వేలిగోరు ఆగేంత లోతు. హోన్ (సిలిండర్ లోపలి గోడను రుద్దే పనిముట్టు) తిప్పి నున్న చేయవచ్చంటారు. పైపొర మరక అయితే సరే, గోరు ఆగే గుంత అయితే కాదు. గుంత పోయేదాకా రుద్దితే లోవ్యాసం పెరిగి కొత్త కప్పు కూడా వదులవుతుంది. కొత్త సిలిండర్లే వేశాం.

షూలను డ్రమ్ముకు దగ్గరగా సర్దే అడ్జస్టర్లు రెండూ తుప్పుతో బిగుసుకున్నాయి. విప్పి, వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, వేడి తట్టుకునే బ్రేక్ గ్రీజు పలచగా రాశాం. బ్యాక్ ప్లేటు మీద షూలు ఆనే మెట్ల దగ్గర కూడా ఒక చుక్క. అంతకు మించి రాస్తే వేడికి కరిగి లైనింగ్ మీదికి పోతుంది.

షూలు రూ. 550, వీల్ సిలిండర్లు రెండు రూ. 800, లేతు రూ. 500. ఇప్పటిదాకా: రూ. 2,250, 8.5 గంటలు.

దశ 3: పైపులు, నిపుల్స్

గాలి తీయడానికి చక్రానికొకటి ఉండే నాలుగు నిపుల్స్‌లో ఒకటి విరిగింది. విరిగినది వెనక పాత సిలిండర్‌ది కాబట్టి నష్టం లేదు. ముందు క్యాలిపర్‌ది (ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగానిది) విరిగి ఉంటే డ్రిల్ వేయాల్సి వచ్చేది. అందుకని మిగతావాటికి ఈ పద్ధతి:

1. వైర్ బ్రష్‌తో మొదలు దగ్గరి తుప్పు తీయాలి.
2. తుప్పు వదిలించే స్ప్రే బయట మాత్రమే కొట్టి ఒక రాత్రి వదిలేయాలి.
3. పొద్దున నిపుల్ తల మీద చిన్న సుత్తితో నిలువుగా నాలుగైదు దెబ్బలు.
4. ఆరు మూలల సాకెట్ వేయాలి. పన్నెండు మూలల రింగ్ పానా మూలలు గుండ్రం చేస్తుంది. ఓపెన్ పానా అసలే వద్దు.
5. ముందు కొద్దిగా బిగించే దిక్కుకు, తర్వాత విప్పే దిక్కుకు. ఒక్కసారిగా బలం పెట్టకూడదు.

పైపు నట్లకు ఫ్లేర్ నట్ పానానే వాడాలి. అది రింగ్ పానాలాగే పట్టుకుంటుంది, పైపు దూరేందుకు ఒక పక్క తెరిచి ఉంటుంది. కుడి వెనక నట్టు తిరిగింది కానీ పైపు కూడా దాంతో పాటు మెలిపడింది. ఆ దశలో ఇంకా తిప్పితే పైపు చీలుతుంది. కోసేసి కొత్త ముక్క వేశాం.

పైపు బయటి వ్యాసం 4.75 మి.మీ. బ్రేకులకు తయారైన ఉక్కు పైపు లేదా కాపర్ నికెల్ పైపు మాత్రమే. ఫ్రిజ్, ఏసీ పనికి వాడే మెత్తటి రాగి పైపు తేలిగ్గా వంగుతుంది, చౌక కూడా, కానీ అదురుకు గట్టిపడి పగులుతుంది. బ్రేకుల్లో దానికి చోటు లేదు.

ఫ్లేరింగ్‌లో, అంటే పైపు చివరను గరాటులా విప్పడంలో, రెండుసార్లు విఫలమయ్యాం. మొదటిసారి హాక్సా బ్లేడుతో కోశాం, కోత ఏటవాలుగా వచ్చి ఫ్లేర్ ఒక పక్కకు ఒరిగింది, బిగించినా చెమ్మ ఆగలేదు. రెండోసారి ఫ్లేర్ చక్కగా కుదిరింది, కానీ నట్టు పైపులోకి ఎక్కించడం మరిచిపోయి ఫ్లేర్ చేశాం, మళ్ళీ కోయాల్సి వచ్చింది. వరస ఇది: పైపు కట్టర్‌తో కోత, లోపలి అంచు గరుకు తీయడం, నట్టు ఎక్కించడం, అప్పుడు డబుల్ ఫ్లేర్ (విప్పిన అంచును లోపలికి మడిచి రెండు పొరలు చేయడం). సింగిల్ ఫ్లేర్ బ్రేకు ఒత్తిడికి పగులుతుంది.

పైపు, నట్లు రూ. 450. ఇప్పటిదాకా: రూ. 2,700, 13.5 గంటలు.

దశ 4: ముందు క్యాలిపర్లు, డిస్కులు

ఎడమ పిస్టన్ కదిలింది, కుడిది పట్టేసింది. పట్టేసిన పిస్టన్‌ను బయటికి తోయడానికి అన్నిటికంటే మంచి సాధనం బ్రేక్ ఒత్తిడే. హోస్ (క్యాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) ఊడదీయక ముందే, క్యాలిపర్‌ను బండికి వేలాడదీసి పెడల్‌తో నెట్టాలి. మేం ముందే హోస్ విప్పేశాం, మాస్టర్ సిలిండర్‌ను దశ 1లోనే పాడు చేసుకున్నాం. రెండు దారులూ మూసుకుపోయాయి.

కంప్రెసర్ గాలితో తీస్తుంటారు. పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది, మధ్యలో వేలుంటే నలిగిపోతుంది. గాలే వాడాలంటే పిస్టన్ ఎదుట చెక్క పెట్టి, అతి తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టాలి. మేం గ్రీజు గన్ ఎంచుకున్నాం. క్యాలిపర్ మరకు సరిపోయే అడాప్టర్ లేతులో చేయించి, నిపుల్ మూసి, గ్రీజు కొట్టాం. పదిహేనో దెబ్బకు పిస్టన్ మెల్లగా, ఎగరకుండా వచ్చింది. ఆ తర్వాత గ్రీజు అణువు కూడా మిగలకూడదు. మామూలు గ్రీజు, పెట్రోలు, కిరోసిన్, డీజిల్ ఏది తగిలినా బ్రేకు రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. స్పిరిట్‌తో మూడుసార్లు కడిగి, ప్రతి రంధ్రంలో సన్నటి గుడ్డ పేలిక దూర్చి తీశాం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పు పిస్టన్‌తో పాటు కదులుతూ గోడను రుద్దుతుంది, అందుకే అక్కడ గోడ నున్నగా ఉండాలి. క్యాలిపర్‌లో నలుచదరపు రబ్బరు రింగు గోడలోని గాడిలో కదలకుండా కూర్చుంటుంది, పిస్టనే దాని మీద జారుతుంది. కాబట్టి క్యాలిపర్ గోడ మీద చిన్న మచ్చలు పెద్ద నష్టం కావు. పిస్టన్ ఒంటి మీద మచ్చ మాత్రం అసలు పనికిరాదు. పెడల్ వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేది కూడా ఆ రింగే. అది పిస్టన్‌తో పాటు కొద్దిగా ఒరిగి, ఒత్తిడి తగ్గగానే తిరిగి నిటారవుతుంది. రింగు గట్టిపడినా, గాడిలో తుప్పు నిండినా ప్యాడ్ డిస్కును వదలదు. గాడిని చెక్క పుల్లతో గీకాలి. ఇనుప మొన తగిలితే గాడి అంచు చెడుతుంది.

కుడి పిస్టన్ క్రోమ్ పొర బూటు ఆనే గీత దగ్గర పొక్కుల్లా లేచింది. మార్చాం. ఎడమది 1000 నంబరు ఎమరీ కాగితాన్ని బ్రేక్ ఆయిల్‌లో తడిపి రుద్దితే నున్నగా వచ్చింది. కొత్త రింగులు, బూట్లు, బ్రేక్ ఆయిల్‌లో ముంచి ఎక్కించాం. క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు.

డిస్కుల మీద ప్యాడ్ ఆకారంలో తుప్పు అచ్చు పడింది. అచ్చు చోట మందం 9.1, పక్కన 9.4 మి.మీ. పైపైన తుప్పు పది బ్రేకుల్లో పోతుంది, ఈ లోతు పోదు. లేతు పట్టిస్తే మిగిలే మందం కనీసానికి మరీ దగ్గరగా వస్తుందని కొత్తవి తీసుకున్నాం. కొత్త డిస్కు బిగించి డయల్ గేజ్ పెడితే వంకర 0.18 మి.మీ. ఇంత ఉండకూడదు. తప్పు డిస్కుది కాదు, హబ్ ముఖం మీద మిగిలిన తుప్పు పెచ్చుది. వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా తోమి మళ్ళీ బిగిస్తే 0.04.

ప్యాడ్లు రూ. 650, పిస్టన్ రూ. 350, రెండు క్యాలిపర్ కిట్లు రూ. 500, డిస్కులు రెండు రూ. 1,900. ఇప్పటిదాకా: రూ. 6,100, 20 గంటలు.

దశ 5: మాస్టర్ సిలిండర్

షాపులో రెండు రకాల కిట్లు దొరుకుతాయి. మైనర్ కిట్‌లో రబ్బర్లు మాత్రమే, మేజర్ కిట్‌లో పిస్టన్ కూడా. మేజర్ కిట్ తెచ్చి వేశాం. రెండు రోజుల తర్వాత పరీక్షిస్తే, పెడల్‌ను సమానమైన బలంతో పట్టుకుంటే నిమిషంలో 30 మి.మీ. దిగింది. బయట ఎక్కడా చుక్క లేదు. అంటే ఆయిల్ రబ్బరు పక్కనుంచి లోపలే వెనక్కి పోతోంది. టార్చ్ వేసి చూస్తే గోడ మీద నిలువు గీతలు. కిట్ కొనే ముందే ఆ టార్చ్ వేసి ఉంటే రూ. 450 మిగిలేవి. కొత్త సిలిండర్ వేశాం.

బండికి బిగించే ముందు బల్ల మీదే గాలి తీయాలి:

1. వైస్‌లో చెవుల దగ్గర పట్టించాలి, ఒంటి దగ్గర కాదు.
2. రెండు అవుట్‌లెట్లకు చిన్న గొట్టాలు తగిలించి, చివరలు రిజర్వాయర్‌లో ఆయిల్ మట్టం కింద ముంచాలి.
3. నున్నటి కర్రతో పిస్టన్‌ను మెల్లగా నొక్కి, మెల్లగా వదలాలి.
4. బుడగలు పూర్తిగా ఆగేదాకా. మాకు 25 నొక్కుళ్ళు పట్టింది.

పుష్‌రాడ్‌కూ (పెడల్ నుంచి వచ్చే కడ్డీ) పిస్టన్‌కూ మధ్య కొద్దిగా ఖాళీ ఉండి తీరాలి. పెడల్‌ను చేత్తో నొక్కితే ఆ వదులు తెలియాలి. ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, వేడికి పెరిగిన ఆయిల్ రిజర్వాయర్‌లోకి పోయే సన్న రంధ్రం మూసుకుపోతుంది, నాలుగు కిలోమీటర్లు పోయేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

కిట్ రూ. 450 (వృథా), సిలిండర్ రూ. 1,750. ఇప్పటిదాకా: రూ. 8,300, 24 గంటలు.

దశ 6: ఆయిల్, గాలి తీయడం

డాట్ 3 వాడాం. డాట్ 4 కూడా నడుస్తుంది. డాట్ 5 సిలికాన్ జాతిది, వీటితో కలవదు. మూత తీసి నెలలైన టిన్ను వాడకండి, మన తేమలో అది కొత్తది కాదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి.

గాలి తీయడానికి ముందు వెనక షూలను డ్రమ్ము తిప్పితే సన్నగా రాసుకునేంత దగ్గరగా సర్దాలి. షూలు దూరంగా ఉంటే పెడల్ లోతుగా పోతుంది, గాలి ఉందని భ్రమ పడతాం. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాం. ఏ పైపు ఎటు పోతోందో బండి కింద చూసుకుని వరస ఖాయం చేసుకోండి.

ఇద్దరు కావాలి, మాటలు ముందే అనుకోవాలి. కింద ఉన్నవారు "తొక్కు" అంటే పైవారు మెల్లగా తొక్కి "పట్టాను" అనాలి. నిపుల్ పావు చుట్టు విప్పి, ఆయిల్ ఆగేలోపే బిగించి "వదులు" అనాలి. బిగించక ముందే పెడల్ వదిలితే తీసిన గాలి మళ్ళీ లోపలికే పోతుంది. పెడల్ కింద చెక్క దిమ్మ అప్పుడూ ఉండాలి. ఆరేడు తొక్కుళ్ళకోసారి రిజర్వాయర్ నింపాలి.

వెనక రెండూ చక్కగా అయ్యాయి. ముందు రెండింటి దగ్గర 400 మి.లీ. పోయినా పెడల్ స్పాంజిలాగే ఉంది. బుడగలు రావడం లేదు, పెడల్ గట్టిపడడం లేదు. గంటన్నర తర్వాత తేలింది: క్యాలిపర్లు కుడి ఎడమలు తారుమారయ్యాయి. బోల్టులన్నీ చక్కగా కుదిరాయి కాబట్టి అనుమానం రాలేదు. కానీ నిపుల్ కిందికి వచ్చింది. గాలి పైన చేరుతుంది, కింది నిపుల్ నుంచి ఎంత తీసినా వచ్చేది ఆయిలే. తిరగేసి బిగించాక ఒక్కో వైపు ఎనిమిది తొక్కుళ్ళలో పెడల్ రాయిలా అయింది. క్యాలిపర్ విప్పేటప్పుడే పెయింట్‌తో కు, ఎ అని రాసుకోండి. హోస్‌ను క్యాలిపర్‌కు బిగించే బాంజో బోల్టు విప్పిన ప్రతిసారీ రెండు రాగి వాషర్లూ కొత్తవి వేయాలి.

హోస్‌లు (ముందు ఎడమది తప్ప, ఆ రోజు షాపులో లేదు) రూ. 840, ఆయిల్ లీటరు రూ. 480. ఇప్పటిదాకా: రూ. 9,620, 27 గంటలు.

దశ 7: ఎడమ ముందు చక్రం వదలకపోవడం

రిజిస్ట్రేషన్ గడువు దాటిన బండి కాబట్టి రోడ్డెక్కించలేదు, ఖాళీ లేఅవుట్ స్థలంలో నడిపాం. 3 కిలోమీటర్ల తర్వాత థర్మామీటర్ గన్‌తో డిస్కుల వేడి: కుడి 71, ఎడమ 148 డిగ్రీలు. ఎడమ చక్రం చేత్తో తిరగడం లేదు.

వెతికే పద్ధతి సులువు. చక్రం పట్టేసి ఉండగానే ఆ వైపు నిపుల్ విప్పాలి. చక్రం వదిలితే ఆయిల్ ఒత్తిడి వెనక్కి పోవడం లేదని అర్థం, అనుమానం హోస్, మాస్టర్ సిలిండర్ల మీదికి పోతుంది. వదలకపోతే పిస్టన్, స్లైడ్ పిన్నులు. ఇక్కడ వదిలింది. కుడివైపు బాగానే ఉంది కాబట్టి హోస్ మిగిలింది. మార్చకుండా వదిలేసిన ఆ ఒక్కటే.

పాత హోస్‌ను నిలువునా కోసి చూశాం. బయట పగులు లేదు, వంచినా గీత లేదు. లోపలి గొట్టం ఉబ్బి గుండుసూది దూరేంత దారే మిగిలింది, ఒక పొర నాలుకలా వేలాడుతోంది. కాలి బలానికి ఆయిల్ ముందుకు పోతుంది, వెనక్కి నెట్టే బలం రబ్బరు రింగుది మాత్రమే కాబట్టి తిరిగి రాదు. హోస్‌ను బయట చూసి బాగుందనుకోవద్దు.

కొత్త హోస్, అర లీటరు ఆయిల్, మళ్ళీ గాలి తీయడం. అదే 3 కిలోమీటర్లకు: కుడి 69, ఎడమ 73.

హోస్ రూ. 280, ఆయిల్ రూ. 240. ఇప్పటిదాకా: రూ. 10,140, 30 గంటలు.

దశ 8: హ్యాండ్ బ్రేక్, ప్యాడ్లు కుదురుకోవడం

పట్టేసిన కేబుల్‌కు నూనె పోసి ఆడించాం, ఒక రోజు ఆడి మళ్ళీ పట్టేసింది. లోపలి తీగలు తెగి ముళ్ళలా లేచాయి. కొత్తది వేశాం. షూలు సర్దిన తర్వాతే కేబుల్ సర్దాలి. కేబుల్ బిగించి షూల వదులును కప్పిపుచ్చితే అడ్జస్టర్ పని చేయదు.

కొత్త ప్యాడ్లకు: గంటకు 50 నుంచి 10 కిలోమీటర్లకు మెల్లగా తగ్గించడం 20 సార్లు, ప్రతిసారికీ మధ్య అర కిలోమీటరు చల్లారనిచ్చాం. చివర్లో పూర్తిగా ఆపి పెడల్ మీద కాలుంచకూడదు, వేడి ప్యాడ్ డిస్కు మీద మచ్చ వేస్తుంది.

చివరి కొలతలు:

- గట్టిగా రెండు నిమిషాలు తొక్కి పట్టుకుంటే పెడల్ దిగడం: 0 మి.మీ.
- నడిపాక డిస్కుల వేడిలో తేడా: 6 డిగ్రీలు. డ్రమ్ములు: 44, 47.
- హ్యాండ్ బ్రేక్: 6 పళ్ళకు పట్టింది, లేఅవుట్ గేటు దగ్గరి ర్యాంపు మీద బండి నిలిచింది.
- వారం తర్వాత రిజర్వాయర్ మట్టం: మారలేదు. నిపుల్స్, ఫ్లేర్ నట్ల దగ్గర టిష్యూ కాగితం అద్ది చూస్తే పొడి.

కేబుల్ రూ. 450. మొత్తం: రూ. 10,590, 32 గంటలు.

15 ఏళ్ళు దాటిన ప్రైవేటు బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది, దానికి ముందు 200 కిలోమీటర్లు నడిచాక డ్రమ్ములు ఒకసారి తీసి అడ్జస్టర్లు కదులుతున్నాయో చూడాలి. ఆయిల్ మార్చిన తేదీ రిజర్వాయర్ మూత మీద రాశాం, రెండేళ్ళకు మళ్ళీ మార్చాలి. అప్పటిదాకా షెడ్డులో నిలిపినప్పుడల్లా గేర్, చక్రాలకు చెక్క దిమ్మలు. హ్యాండ్ బ్రేక్ వేయడం లేదు.